నాటకం, ప్రసంగం నేర్పే తరగతిలో ఫోను: ముందు వినడానికి, తర్వాతే చూడటానికి

మీ ప్రశ్న సారాంశం ఇది. డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పే మీకు ఈ ఏడాది నాటక ప్రదర్శన, ప్రసంగ నైపుణ్యాల పేపరు కూడా అప్పగించారు. తరగతిలో అరవై మంది, వారానికి నాలుగు పీరియడ్లు, ఒక ప్రొజెక్టరు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. యాజమాన్యం కొంత డబ్బు ఇస్తాను, మంచి కెమెరా కొనండి అంటోంది. ఏడాది చివరికి యూట్యూబులో విద్యార్థుల నాటకాలు కనిపించాలంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏఐ సాధనాలను తరగతిలోకి రానివ్వాలా అని అడిగారు.

కెమెరా కొనకండి, కనీసం మొదటి సెమిస్టరులో. రంగస్థలం, వాచికం బోధిస్తూ చాలా ఏళ్లు గడిపినవాడిగా నా మొదటి సలహా ఇదే. పద్దెనిమిదేళ్ల విద్యార్థిని కెమెరా ముందు నిలబెడితే తర్వాత ఆ వీడియోలో అతను చూసుకునేది జుట్టును, చొక్కాను, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడో దాన్ని. ఏం చెప్పాడో, ఎదుటివారికి ఎంత అందిందో అతనికి పట్టదు. అదే పని ధ్వనిముద్రణతో చేయిస్తే తప్పించుకునే చోటు ఉండదు, మిగిలేది మాట ఒక్కటే. ఆరేడు వారాలు ఆడియోతోనే నడపండి. వీడియో సంగతి ఆ తర్వాత.

మొదటి రోజే ఒక విషయం చెప్పి తీరాలి. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది. ఆ దారిలో మంద్ర ధ్వనులు బాగా అందుతాయి. రికార్డింగులో ఆ భాగం ఉండదు కనుక సొంత గొంతు సన్నగా, ఎవరిదో అన్నట్టు తోస్తుంది. ఇది ముందుగా చెప్పకపోతే సగం మంది తమ గొంతు బాగాలేదని తీర్మానించుకుని ఏడాదంతా వెనక బెంచీలో కూర్చుంటారు.

మొదటి అభ్యాసం సులభమైనది. ఇంటి నుంచి కళాశాలకు వచ్చే దారిని, ఆ ఊరు తెలియని మనిషికి చెబుతున్నట్టు, కాగితం లేకుండా ఒక్క నిమిషంలో చెప్పి ఫోనులో రికార్డు చేయాలి. వెంటనే విననివ్వకండి, రెండు రోజులు ఆగాక వినమనండి. చెప్పిన వెంటనే వింటే ఎవరికైనా తాము చెప్పాలనుకున్నదే వినిపిస్తుంది.

ఆ రికార్డింగుల్లో దాదాపు ప్రతి ఒక్కరిలోనూ దొరికే లోపం వాక్యం చివరను మింగేయడం. తెలుగులో ఇది మరీ ప్రమాదం. మన క్రియ చివర్లో వస్తుంది. జరిగిందా లేదా, ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు అని తేల్చే ప్రత్యయాలన్నీ ఆ క్రియకు కూడా చివర్లోనే అతుక్కుంటాయి. ‘నేను ఆ రోజు ఆయనను కలవ...’ వరకు గట్టిగా పలికి మిగతాది గాలిలో కలిపేస్తే, కలవలేదా, కలవగలిగాడా, కలవాలనుకున్నాడా అన్నది వినేవారు ఊహించుకోవలసిందే. సరిగ్గా ఊపిరి అయిపోయే చోటనే మన భాష అర్థాన్ని దాచిపెట్టింది.

దీని మీద ఉపన్యాసం అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ధ్వని కూర్పు సాఫ్ట్‌వేరులో ఆ ఫైలు తెరిచి ప్రొజెక్టరు మీద చూపండి. మొదట్లో లావుగా ఉన్న ధ్వని తరంగం ప్రతి వాక్యం చివరా సన్నబడి గీతలా మిగలడం అరవై మందికీ ఒకేసారి కనిపిస్తుంది. చికిత్స మాత్రం కంప్యూటరులో లేదు. వాక్యాన్ని వెనక నుంచి కట్టించండి: ‘కలవలేదు’, ‘ఆయనను కలవలేదు’, ‘ఆ రోజు ఆయనను కలవలేదు’, ‘నేను ఆ రోజు ఆయనను కలవలేదు’. ప్రతిసారీ చివరి మాట మొదటిసారి పలికినంత నిండుగానే రావాలి. రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు చేయించి, నెల తర్వాత మళ్లీ తరంగం చూపండి. తేడా చూసి ఇద్దరు ముగ్గురైనా తమంతట తామే అభ్యాసం అడుగుతారు.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలంటే ప్రాట్ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోయర్స్మా, డేవిడ్ వేనింక్ తయారు చేసిన ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్ అది, ఇదీ ఉచితమే. మాటలో శ్రుతి ఎక్కడ పైకి వెళ్లిందో, ఎక్కడ దిగిందో గీత గీసి చూపిస్తుంది. మగ గొంతుకు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500 హెర్ట్జ్ పరిధి పెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఒకే విద్యార్థి చేత ఒకే సంఘటనను ముందు కాగితం చూసి చదివించండి, తర్వాత స్నేహితుడికి చెబుతున్నట్టు చెప్పించండి. చదివినప్పుడు చాలామందికి గీత దాదాపు సమంగా సాగుతుంది. చెప్పినప్పుడు ఎగసి పడుతుంది. నాట్యశాస్త్రం కాకువు అన్న స్వరభేదం అదే, ఆ పిల్లవాడి గొంతులో అది ముందు నుంచే ఉంది. కాగితం చేతికి రాగానే ఎక్కడికి పోతోంది అన్నదే మీ తరగతి వెతకవలసిన విషయం. అయితే ప్రాట్‌ను సెమిస్టరులో ఒకటి రెండు సార్లకు మించి తీయకండి. గీత అందంగా రావడం కోసం మాట్లాడే రోగం తొందరగా పట్టుకుంటుంది.

రికార్డింగు విషయంలో చిన్న జాగ్రత్తలు. ఫ్యాన్లు ఆపండి. వేసవిలో కష్టమే కానీ, సీలింగు ఫ్యాను గాలి నేరుగా మైకు మీద పడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని శుభ్రంగా తీయలేదు. ఫోనును నోటికి జానెడు నుంచి మూరెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టించండి. ఎదురుగా పెడితే ప, బ, ఫ, భ పలికినప్పుడల్లా గాలి దెబ్బ వినిపిస్తుంది. ఫోను కాల్‌లో ఉచ్చారణ పరీక్ష పెట్టకండి. పాత టెలిఫోను పద్ధతిలో సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే ధ్వని వెళుతుంది. శ, ష, స తేడాను పట్టిచ్చే బుసబుసల శక్తి చాలావరకు అంతకంటే పైన ఉంటుంది. వాట్సాప్ వాయిస్ సందేశం కూడా ధ్వనిని బాగా కుదించి పంపుతుంది కనుక, రికార్డరులో చేసిన ఫైలును డాక్యుమెంటుగా పంపమనండి. వీడియో సమావేశాల యాప్‌లలో నేపథ్య శబ్దాన్ని అణచే సదుపాయం ముందే పనిచేస్తూ ఉంటుంది. అది మెల్లగా పలికిన మాటను, ఊపిరిని, కొన్నిసార్లు ఏడుపును కూడా శబ్ద కాలుష్యం అనుకుని నొక్కేస్తుంది. నాటకం చదివేటప్పుడు దాన్ని ఆపండి.

ఇప్పుడు ఉచ్చారణకు మార్కులు వేస్తామనే యాప్‌ల సంగతి. మాటను అక్షరాలుగా మార్చే యంత్రాలు చెవితో పాటు ఊహతో కూడా పనిచేస్తాయి. ముందు వెనకల మాటలను బట్టి ఏ పదం రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి అదే రాస్తాయి. విద్యార్థి ‘సాంతి’ అన్నా తెరమీద ‘శాంతి’ అని చక్కగా పడవచ్చు. తప్పును చూపవలసిన సాధనం తప్పును దిద్దేసి దాచిపెడుతుంది. దానికి విరుద్ధంగా శ్రీకాకుళం యాసలోనో, మహబూబ్‌నగర్ యాసలోనో, కడప యాసలోనో స్పష్టంగా మాట్లాడిన పిల్లవాడి మాటలు తారుమారుగా పడవచ్చు. ఎందుకంటే ఆ యంత్రం ఎక్కువగా విన్నది వేరే తెలుగు. కాబట్టి న్యాయనిర్ణేత కుర్చీ దానికి ఇవ్వకండి. వాడాలనుకుంటే చర్చకు వాడండి. నలుగురు తమ ఇంటి మాటలో ఒకే సంగతి చెప్పాలి, యంత్రం రాసింది తెరమీద వేయాలి, ఏది మాటలో అస్పష్టత, ఏది యంత్రానికి తెలియని యాస అని తరగతి తేల్చాలి. యాస లోపం కాదని మీరు పది సార్లు చెప్పినా నమ్మనివారు, యంత్రం బోల్తా పడటం చూసి నమ్ముతారు. ఉచ్చారణ పరీక్షకు మీ చెవి చాలు.

పద్యాన్ని వదలకండి. పాతకాలపు వ్యవహారం అని పక్కన పెట్టేవారున్నారు, నాకు సమ్మతం కాదు. సీసపద్యం ఒక్కటి ఊపిరికి చేసే మేలు ఏ కొత్త యాప్ చేయలేదు. రంగస్థల నటుడు బళ్లారి రాఘవ కాలం నుంచీ రాగం ఎక్కువా, భావం ఎక్కువా అన్న వాదన తెలుగు నాటకంలో ఉంది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆయన సాగదీసే పాటను తగ్గించి సహజమైన నటనను ముందుకు తెచ్చాడు. ఆ వాదనను మీ తరగతిలో ఫోనుతో మళ్లీ జరిపించండి. ఒకే పద్యాన్ని ఒకరు రాగం తీసి పాడాలి, మరొకరు అర్థం విరుపుతో చెప్పాలి. పద్యం ముందు తెలియనివారికి రెండూ వినిపించి, ఏం అర్థమైందో రాయమనాలి. ఫలితం ఎప్పుడూ ఒకేలా రాదు. మంచి గాయకుడు దొరికితే రాగమే గెలుస్తుంది, అప్పుడు చర్చ ఇంకా రంజుగా ఉంటుంది.

మైకు గురించి. నాట్యశాస్త్రం మధ్యరకం నాట్యగృహానికి 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు చెప్పింది. అంతకంటే పెద్దదైతే పలికేది స్పష్టంగా వినిపించదని, ముఖంలో భావం కనిపించదని కారణం కూడా చెప్పింది. ఈనాటి లెక్కలో అది సుమారు 29 మీటర్ల పొడవు, దానిలోనూ ప్రేక్షకులకు సగమే. అంటే మీ సెమినార్ హాలు లాంటిదే. అక్కడ మైకు లేకుండా వినిపించడం ప్రతి విద్యార్థికీ సాధ్యమే. ముందు అది నేర్పండి. చివరి వరుసలో ఒకరిని కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, వేదిక మీదివారు రహస్యం చెబుతున్నట్టే మెల్లగా పలికి ఆ వరుసకు అందించాలి. అరిస్తే అందదు, హల్లులు స్పష్టంగా పలికితే అందుతుంది. ఈ తేడా వంటపట్టిన తర్వాతే మైకు ఇవ్వండి.

మన పరిషత్తు నాటకాల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు మీకు తెలిసే ఉంటుంది. వేలాడే మైకు కింద మాట చెప్పడానికి పాత్ర నడిచి వచ్చి నిలబడుతుంది, కోపంలో ఉన్నా, చావుబతుకుల్లో ఉన్నా సరే. కాలర్ మైకు ఆ బాధ తప్పించింది కానీ కొత్త బాధ తెచ్చింది. నటుడు పక్కవాడికి తప్ప ప్రేక్షకుడికి మాట్లాడటం మానేశాడు. కాలర్ మైకును ఛాతీ మీద, గడ్డానికి జానెడు కిందుగా పెట్టించండి. పట్టుచీర, గంజి పెట్టిన ఖాదీ రాపిడికి చప్పుడు చేస్తాయి కనుక దుస్తులతోనే ఒక రిహార్సలు ఉండాలి. ‘నా గుండె’ అంటూ చేతితో ఛాతీ మీద కొట్టుకునే అభినయం ఆ రోజుకు మానుకోవాలి.

కొత్త సాంకేతికత నాటకాన్ని చెడగొడుతుందని మీ సహాధ్యాపకులెవరో అన్నారని రాశారు. వారికి సురభి నాటక సమాజాన్ని గుర్తు చేయండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల ప్రదర్శనలకు జనం వచ్చింది పద్యాల కోసం మాత్రమే కాదు. తీగల మీద ఎగిరే పాత్రల కోసం, గాలిలో ఢీకొనే బాణాల కోసం, క్షణంలో మారే తెరల కోసం కూడా. యంత్రం మన రంగస్థలానికి పరాయిది ఎప్పుడూ కాదు. అక్కడ తీగ లాగేవాడూ నటుడితో పాటు సంభాషణ మొత్తం నోటికి వచ్చినవాడే, మీ తరగతిలో లైట్లు నొక్కే విద్యార్థికీ అదే నియమం పెట్టండి. లైట్ల గురించి ఎక్కువ చెప్పను. నాలుగు ఎల్ఈడీ పార్ లైట్లు, వాటిని నడపడానికి ఉచితమైన క్యూఎల్‌సీ ప్లస్ సాఫ్ట్‌వేరు ఉంటే కళాశాల నాటికకు చాలినంత వెలుగు వస్తుంది.

ఆన్‌లైన్ తరగతి తప్పనిసరైతే బృంద పఠనం మాత్రం పెట్టకండి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పది మీటర్ల దూరంలో నిలబడిన ఇద్దరి మధ్య ఆలస్యం దాదాపు 30 మిల్లీసెకన్లు, దాన్ని మనిషి సర్దుకోగలడు. వీడియో కాల్‌లో ఆ ఆలస్యం తరచూ వంద మిల్లీసెకన్లు దాటుతుంది. అందరూ కలిసి పలకడం అసాధ్యం, పిల్లలు అది తమ తప్పనుకుని కుంగిపోతారు. ఏకపాత్రాభినయం, ఒకరి తర్వాత ఒకరు చదివే నాటక పఠనం, విడిగా ఇచ్చే సలహాలు అక్కడ బాగా నడుస్తాయి.

మీ డబ్బు, మీ సమయం ఎక్కువగా పెట్టవలసింది రేడియో నాటకం మీద. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం కొన్ని తరాల తెలుగు ఇళ్లను నాటకాలతో కట్టిపడేసింది. ఆ రూపం మీ విద్యార్థుల ఫోనుకు అతికినట్టు సరిపోతుంది. ఆరుగురు చొప్పున పది బృందాలు, ఒక్కో బృందానికి ఎనిమిది నిమిషాల నాటిక. నలుగురు గొంతులు, ఒకరు శబ్దాలు, ఒకరు కూర్పు. రచన అందరిదీ. ఇక్కడ రంగు, ఎత్తు, దుస్తులు, ఇంటి ఆర్థిక స్థితి ఏవీ పాత్రకు అడ్డురావు. వేదిక ఎక్కనని భీష్మించిన అమ్మాయి ముసలి జమీందారు గొంతుతో అదరగొట్టడం రేడియో నాటకంలోనే జరుగుతుంది.

శబ్దాలను ఇంటర్నెట్ నుంచి దింపుకోనివ్వకండి, మొదటి నాటికకైనా. చేటలో పెసలు మెల్లగా దొర్లిస్తే వాన, కొబ్బరి చిప్పలు బల్ల మీద కొడితే గుర్రం, సెలోఫేన్ కాగితం నలిపితే మంట. ఇవి చేస్తుంటే వారికి రెండు విషయాలు తెలుస్తాయి. ఏ శబ్దమైనా ఎప్పుడు ఆగాలన్నదే అసలు కష్టం. రెండోది, మాట కింద వాన అలాగే కురుస్తూ ఉంటే మాట వినపడదు, వాన మొదట వినిపించి తర్వాత తగ్గాలి. కూర్పులో ఇంకొక షరతు పెట్టండి. కనీసం ఒక్క చోట పూర్తి నిశ్శబ్దం ఉండాలి, దాని నిడివి ఎంత ఉండాలో బృందం వాదించుకుని తేల్చాలి. అర సెకను, ఒక సెకను, రెండు సెకన్ల నిశ్శబ్దంతో మూడు రకాలుగా కూర్చి తరగతికి వినిపించమనండి. నటనలో విరామం గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదివినా రాని జ్ఞానం ఆ పది నిమిషాల్లో వస్తుంది.

ప్రసంగాల విషయానికొస్తే, మీ శత్రువు ప్రొజెక్టరే. విద్యార్థి తెర వైపు తిరిగి, అందరూ చదవగలిగిన వాక్యాలను మళ్లీ చదువుతాడు. తెరమీద బొమ్మ, పటం, అంకె తప్ప పూర్తి వాక్యం ఉండకూడదని నియమం పెట్టండి. పవర్‌పాయింట్ నడుస్తుండగా కీబోర్డులో ‘బి’ నొక్కితే తెర నల్లబడుతుంది. ప్రతి ప్రసంగంలో కనీసం ఒక నిమిషం తెర నల్లగా ఉండాలి. బృంద ప్రసంగానికైతే బుర్రకథ చట్రం వాడి చూడండి. కథకుడు విషయం చెబుతాడు, హాస్యపు వంత తెలియనివాడిలా అడ్డుపడి ప్రశ్నిస్తాడు, రాజకీయపు వంత దాన్ని ఈనాటి సంగతికి ముడిపెడతాడు. జీఎస్టీ గురించైనా, భూగర్భజలాల గురించైనా ఈ ముగ్గురి అమరికలో చెబితే నిద్రపోయేవారుండరు. తంబూరా, గుమ్మెట దొరక్కపోయినా ఫరవాలేదు. అడ్డుపడేవాడు ఉంటాడని తెలిసిన వక్త సిద్ధపడి వస్తాడు, అది చాలు.

వీడియో ఎప్పుడు? నాటిక కదలికలు కుదిరాక. ఫోనును స్టాండు మీద, ప్రేక్షకుల మధ్యలో, వేదిక మొత్తం కనిపించేలా కదలకుండా పెట్టండి. దగ్గరి దృశ్యాలు వద్దు. మొదటిసారి శబ్దం తీసేసి చూడండి. ఎవరు ఎవరిని కప్పేశారు, ఎవరు ఊరికే అటూ ఇటూ తిరిగారు, గుంపు అంతా ఎప్పుడు ఒకే వరుసలో నిలబడిపోయింది అన్నవి మూగచిత్రంలో ఇట్టే దొరుకుతాయి. ఏ ఒక్కరి వీడియోనైనా ముందు వారే చూడాలి, తర్వాతే తరగతి. రికార్డింగు ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు తుడిచేస్తారు అన్నది మొదటి రోజే కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి. ఆడపిల్లల రిహార్సలు వీడియో ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో తేలితే ఆ ఇంటి నుంచి మరో అమ్మాయి నాటకానికి రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కించి తల్లిదండ్రుల అనుమతి కోరుతుంది. మీ మొదటి సంవత్సరం వారిలో పదిహేడేళ్లవారు ఉంటారు.

ఏఐని నిషేధించడం కుదరదు, నిషేధించినా వాడతారు. దాని చేత రెండు పేజీల దృశ్యం ఒకటి రాయించి తరగతికి తెండి. అందులో అందరూ పూర్తి వాక్యాల్లో, ఒకే వయసువారిలా మాట్లాడతారు. రాత్రి పదింటికి ఇంటికొచ్చిన కొడుకుతో తల్లి ‘నీవు ఎందుకు ఇంత ఆలస్యంగా వచ్చావు?’ అంటుంది. నాకు తెలిసిన తల్లి ఎవరైనా అన్నం గిన్నె మీద మూత తీస్తూ ‘చల్లారిపోయింది’ అంటుంది. ఆ రెండు పేజీలను ఒక పేజీకి కుదించడం, ప్రతి మాటా ఆ పాత్ర తప్ప ఇంకెవరూ అనలేనట్టు మార్చడం, మనసులో కోరిక ఉన్నవారు దాన్ని పైకి అనకుండా చేయడం మంచి ఇంటిపని. సంభాషణ రచనకు ఇంతకంటే సులువైన దారి నాకు కనబడలేదు. తోటివారి గొంతును యంత్రంతో అనుకరించి మాట్లాడించడం మాత్రం సరదాకైనా అనుమతించకండి.

ఎవరు రాశారన్న అనుమానం మార్కుల దగ్గర వస్తుంది. దానికి పాత మార్గమే ఉంది. నాటిక తర్వాత విద్యార్థిని పాత్రగానే కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేయండి: నిన్న రాత్రి ఏం తిన్నావు, అన్నతో ఎందుకు మాట్లాడవు, ఆ ఉత్తరం ఎందుకు చింపావు. రాసినవారు, లేదా కనీసం లోపలికి వెళ్లినవారు తడుముకోకుండా చెబుతారు. అరవై మందికి మూడేసి నిమిషాలంటే 180 నిమిషాలు, మీకు నాలుగు పీరియడ్లు పడుతుంది. ఒక వారం పోతుందని చూడకండి. ఇంటి దగ్గర వినగలిగిన ఆడియో పనులన్నీ ఫోనుకు అప్పగించి ఈ వారాన్ని మిగుల్చుకోండి.

యాజమాన్యం ఇచ్చే డబ్బుతో తీగ ఉన్న కాలర్ మైకులు రెండు, గట్టి ఫోను స్టాండు ఒకటి, మంచి స్పీకరు ఒకటి, ఒక గదికి మందపాటి తెరలు కొనండి. తెరలు ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, అదే మీ స్టూడియో. యూట్యూబు గురించి యాజమాన్యానికి ఇలా చెప్పండి. కళాశాల కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల ముందు నాటకం ఆడటానికి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టడం ఆ మినహాయింపులోకి రాదు, రచయిత అనుమతి కావాలి. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి కనుక, 1915లో కన్నుమూసిన గురజాడ రచనలకు ఆ చిక్కు లేదు. విద్యార్థులు సొంతంగా రాసిన రేడియో నాటికలకు వారి అనుమతి ఒక్కటే చాలు. మొదటి ఏడాది ఆ పది నాటికలనే, ఒక్కోదానికి ఒక బొమ్మ జతచేసి, యూట్యూబులో పెట్టండి.